ఎర్రసిరా

అనువాద విభాగంలో అతన్ని అందరూ ఎర్రసిరా అనే పిలుస్తారు. ఎవరి అనువాదం చేతికొచ్చినా ఎర్ర పెన్ను తీసి, మూత పళ్లతో పీకి, తప్పు దొరికేదాకా కింది పెదవి కొరుక్కుంటూ కూర్చుంటాడు. లైబ్రరీలోని పెద్ద నిఘంటువు పొద్దస్తమానం అతని మోచేతి కిందే. "అన్నా, చదువుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అని జూనియర్ అమ్మాయి అడిగితే క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయంటే అతనికి కడుపుమంట. ఏళ్ల తరబడి నానుతున్న తన పరిశోధన ఒడ్డెక్కలేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఆమె అనువదించిన కథను విభాగం పుస్తకంలో వేస్తారట. వేసేముందు ఒక పరీక్ష ఉంది. మూలం చూడనివాళ్లెవరైనా ఆ అనువాదాన్ని తిరిగి మూలభాషలోకి మార్చాలి. అది మూలానికి దగ్గరగా వస్తే నెగ్గినట్టు. విభాగాధిపతి మేడమ్ ఆ పని అతనికే అప్పజెప్పింది.

నాలుగు వాక్యాలు వంకరగా రాస్తే చాలు, ఆమె కథ బుట్టదాఖలు. అలాగే మొదలుపెట్టాడు. కానీ ఒక వాక్యం వంచితే తర్వాతిది అతకలేదు. కొట్టేసి సరిగ్గా రాశాడు. కథలో భార్య పోయిన ముసలాయన అలవాటుకొద్దీ రెండు కప్పులు కడిగే చోటికి వచ్చేసరికి, తానెందుకు కూర్చున్నాడో కూడా మరిచిపోయాడు.

మర్నాడు మేడమ్ మూలాన్నీ అతను రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చదివి కళ్లజోడు తీసింది. "అచ్చం మూలంలాగే ఉందయ్యా! నువ్వింత బాగా రాయడం ఇదే చూడటం."

"అంతా నీ చలవే అన్నా," అంది ఆ అమ్మాయి.

అతను తలూపాడు. ఆ విభాగంలో అతనికి దక్కిన మొదటి మెప్పు అది. అదీ ఆమె వాక్యాల వెనక నడిచి తెచ్చుకున్నది. సాయంత్రం లైబ్రరీలో ఆమె కథ మళ్లీ తెరిచాడు. ఎర్ర పెన్ను మూత పళ్లతో పీకి, మొదటి పేజీ నుంచి తప్పు వెతకసాగాడు.