అమ్మ దాచుకున్న వేవిళ్ళు

మా అమ్మ అంకాలమ్మ వేవిళ్ళు దాచుకుంది. దొంగసొమ్ము దాచుకున్నవాళ్ళకు కూడా అంత శిక్ష పడి ఉండదు.

విడవలూరుకు తూర్పున సముద్రపు ఒడ్డున మా పాలెం. పడవ చిన్నపోలయ్యది, మాట వాళ్ళమ్మ పేరమ్మది. పెళ్ళాం వేవిళ్ళతో ఉంటే అవి తగ్గేదాకా మొగుడు పడవ ఎక్కకూడదని ఆమె కట్టడి. కొత్త ప్రాణం పడిన ఇంటి నుంచి గంగమ్మ పాత ప్రాణం ఒకటి అడుగుతుందట. గంగమ్మ ఎప్పుడు చెప్పిందో, ఈవిడ ఎప్పుడు విన్నదో ఎవరూ అడగలేదు. అనుమానం వచ్చిన కోడలిని పిలిపించి, రెండు రోజులు నిలవున్న సొరచేపను కత్తిపీట మీద కోయించేది. మా ఆడవాళ్ళకు చేపల కంపు కొత్త కాదు, కాని వేవిళ్ళ మనిషి ఆ కంపుకు ఆగలేదు. డోకు వచ్చిందంటే ఆ ఇంటి మగవాడు ఒడ్డున కూర్చోవాలి.

అమ్మకు మొదటిసారి నెల తప్పింది యాభై ఏడులో. పేరమ్మ ముందు సొరచేప పొట్ట చీరీ చీరకముందే డోక్కుంది. మా నాయన గంగులయ్య మూడు నెలలు ఒడ్డున కూర్చున్నాడు. వేటకు పోనివాడికి చేపలో వాటా లేదు. ఇంట్లో గంజికి కూడా కరువొచ్చింది. ఆకలి మగవాడికి ముందు చేతుల్లోకి వస్తుంది కాబోలు, అమ్మను కొట్టేవాడు. నాలుగో నెలలో ఆ కడుపు పోయింది.

రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పగానే అమ్మ పుట్టింటికి పోయి వచ్చింది. వాళ్ళది పులికాట్ చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ళ కుప్పం. అక్కడ మా అమ్మమ్మ నేర్పింది. పొద్దున కళ్ళు తెరవగానే లేవకూడదు. తల పక్కన మూటలో పేలాలుంటాయి, పడుకునే గుప్పెడు నమలాలి. కాసేపాగి మెల్లగా లేవాలి. లేచీ లేవగానే నీళ్ళు తాగకూడదు. రోజంతా కడుపు ఖాళీ కానివ్వకుండా కొంచెం కొంచెం తింటుండాలి. ఉప్పద్దిన అల్లంముక్క దవడన పెట్టుకోవాలి. కొంగు చివర నిమ్మాకు ముడేసుకుని, కంపు తగిలినప్పుడల్లా నలిపి వాసన చూడాలి. ఇంతే మందు. విడవలూరు సంతలో ఆ అల్లం కొని తెచ్చింది మా నాయనే. ఈ మాట గుర్తుంచుకోండి.

పేరమ్మ పిలిపించనే పిలిపించింది. అమ్మ దవడన అల్లంముక్క పెట్టుకుని సొరచేప ముందు కూర్చుంది. పొట్ట చీరింది, పేగులు తీసింది, ముక్కలు కోసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గాని గొంతు కదల్లేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని, గుడ్డలో మొహం పెట్టుకుని కక్కుకుంది. మరునాడు నాయన పడవెక్కాడు. ఆ నెల మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. పడవ అడ్డం తిరిగి బోల్తా పడింది. నలుగురు పడవను పట్టుకుని తేలారు, ముత్యాలయ్య తేలలేదు. చుక్కాని పట్టింది మా నాయన. చుక్కాని పట్టినవాణ్ణి అడగాల్సిన మాట ఒకటుంది. అది ఎవరి నోటైనా వచ్చేలోగా, తడిబట్టలతోనే పేరమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“నా పెళ్ళానికి వేవిళ్ళు అత్తా. నాకు కూడా చెప్పకుండా దాచిపెట్టింది” అన్నాడు.

ఆడవాళ్ళు అమ్మను జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చారు. పేరమ్మ సొరచేప పేగులు తెప్పించి ఆమె మొహానికి పులిమి, ఇప్పుడు డోక్కోమంది. అమ్మ చారలుగా రక్తం పడేదాకా డోక్కుంది. నాయన చూస్తూ కూర్చున్నాడు. ముత్యాలయ్య భార్య ఆమె మీద ఇసుక పోసి, నా మొగుణ్ణి తిన్నావని ఏడ్చింది. ఆ కడుపులో ఉన్నది నేను. ఎట్లా నిలిచానో నాకే తెలియదు.

అంతకన్నా ఘోరం, అమ్మ కూడా ఆ మాట నమ్మింది. పిడికెడు పేలాలు ముత్యాలయ్యను చంపాయని ఏడేళ్ళు నమ్మింది. ఆ ఏడేళ్ళు మా ఇంట్లో పేలాలు వేయించలేదు. తమ్ముడు కడుపున పడ్డప్పుడు నడివీధిలో అందరికీ తెలిసేలా డోక్కుని, నాయనను ఒడ్డున కూర్చోబెట్టి, పస్తులుంది. మొగుడికి అన్నం పెట్టేది గాని మాట పెట్టేది కాదు. అందుకు మాత్రం నాకు ఇప్పటికీ సంతోషమే.

అరవై ఆరులో, చేప ముమ్మరంగా పడే రోజుల్లో, పేరమ్మ మా గుడిసెకు వచ్చింది. తన కోడలికి, చిన్నపోలయ్య పెళ్ళానికి, కడుపులో నీళ్ళు కూడా నిలవడం లేదట, పాలెమంతా తెలిసిపోయిన ఆ పేలాల మందు చేసిపెట్టాలట.

“ఎవురికీ చెప్పబాక మే” అంది.

“సొరచేప తెప్పించు అత్తా. నీ కోడల్ని దాని ముందర నువ్వే కూచోబెట్టు” అంది అమ్మ.

పేరమ్మ లేచి వెళ్ళిపోయింది. మరునాడు తెల్లవారి పడవ తోసేచోట ఆ కోడలు అందరి ముందే ఇసుకలో కూలబడి డోక్కుంది. పాలెమంతా చూసింది. మగవాళ్ళు తాళ్ళు సర్దుకున్నారు, ఆడవాళ్ళు బుట్టలు సర్దుకున్నారు. పడవ గలవాడికి కట్టడి ఎవడు చెబుతాడు? చిన్నపోలయ్య పడవెక్కాడు. చుక్కాని దగ్గర మా నాయన.

అమ్మ ఆ రోజు ఇంటికి రాలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పొద్దంతా సముద్రం చూసింది. పడవ మునిగితే తను నిజంగానే ముత్యాలయ్యను చంపినట్టు. తిరిగొస్తే చంపనట్టు. తన మొగుడు కూడా ఆ పడవలోనే ఉన్నాడు. అమ్మ ఏది కోరుకుందో నేను అడగలేదు, అడిగేంత ధైర్యం నాకు లేదు.

పొద్దు వాలేవేళకు పడవ నిండా చేపతో వచ్చింది. నాయన నవ్వుతూ ఒడ్డుకు దూకి, ఒక సొరచేపను అమ్మ కాళ్ళ ముందు పడేసి, కొయ్యమన్నాడు. అమ్మ దాన్ని దాటుకుని ఆయన ముందుకు పోయి నిలబడింది. ఏడేళ్ళ తర్వాత మొగుడితో ఆడిన మొదటి మాట అది. గొంతు పెంచకుండా, అందరికీ వినబడేలా అంది.

“ముత్యాలయ్య పోయిన పొద్దు పడవ ఎట్ట అడ్డం తిరిగింది?”

నాయన నవ్వు ఆగిపోయింది. చేప ఏరుకుంటున్న ముత్యాలయ్య భార్య బుట్ట కింద పెట్టి, ఆయన వైపు తిరిగింది.