గేటు కాడ పులి

మీసం సరిగా మొలవని ఆ రోజుల్లో, నేను చూడని వస్తువును కూడా చూసినట్టే గీసి పారేయగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు చూసినదాన్ని గీయడానికి కూడా నాలుగుసార్లు ఆలోచిస్తున్నాను. మాది కొత్తగూడెంలో బోర్డులు రాసే కుటుంబం. బజారులో సగం దుకాణాల పేర్లు మా అబ్బా (నాన్నను మేం అట్లాగే పిలుస్తాం) చేతి రాతే. ఆయన బట్టల షాపు పేరు రాస్తే అక్షరాలకు జరీ అంచు కుట్టినట్టుండేది, దవాఖానా బోర్డు రాస్తే చూసిన మనిషికి సగం జ్వరం తగ్గేది (ఇది మా అమ్మీ మాట. మిగతా సగం ఎవరు తగ్గించాలో ఆమె చెప్పలేదు). ఆ చేతి కింద బ్రష్షులు కడుగుతూ పెరిగాను కాబట్టి నేనూ పెయింటర్‌నే అనుకునేవాణ్ణి. అబ్బా మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సరిగ్గా అప్పుడే మా ఊళ్ళోకి ఫ్లెక్సీలు దిగాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా రంగురంగుల బోర్డు, అందులో యజమాని ఫొటో, ఆయన మనవడి ఫొటో, పైన గులాబీలు. ఇన్ని సౌకర్యాలుండగా మా నిచ్చెన కోసం ఎవరు ఆగుతారు? పని పలచబడింది. అది చూసి మా మామూ, అంటే అమ్మీ తమ్ముడు, సత్తుపల్లి నుంచి వచ్చి మా ఇంట్లో చాప మీద బైఠాయించాడు. ఆయనకక్కడ చికెన్ సెంటర్ ఉంది. "గీ బ్రష్షులు పట్టుకొని ఎన్ని దినాలు బతుకుతరు భాయ్? పోరణ్ణి నాకియ్యి. జల్దీ పని నేర్పిస్త" అన్నాడు. నేను చేతిలోని బ్రష్షుల డబ్బాను దగ్గరికి లాక్కున్నాను. కోడితో నాకున్న సంబంధమంతా పళ్ళెంలోకి వచ్చాక మొదలయ్యేదే. అంతకుముందు జరిగేది చూడకుండా ముఖం తిప్పుకునేవాణ్ణి. అబ్బా గడ్డం దువ్వుకుని, "అటవీశాఖోళ్ళ పనొకటి వచ్చింది. సిమెంటు పులికి రంగెయ్యాలె. నా మోకాళ్ళు నిచ్చెన ఎక్కనిస్తలేవు, వీణ్ణి పంపిస్త. పులి మంచిగొస్తే వీడు నా కాడ ఉంటడు. రాకపోతే నువ్వు తీసుకపో" అన్నాడు. అంటే నా బతుకు మొత్తం నేనెన్నడూ చూడని ఒక జంతువు చేతిలో పడింది.

భద్రాచలం దారిలో అడవి మొదలయ్యేచోట అటవీశాఖ వాళ్ళొక పార్కు కడుతున్నారు. నడిచే బాట, ఉయ్యాలలు, మంచె, గేటు పక్కన గద్దె మీద రోడ్డు వైపు చూస్తూ కూర్చున్న పులి. మేస్త్రీ సిమెంటు పని అయిపోగొట్టి వెళ్ళిపోయాడు. ఒంటిమీద చారలు లేని ఆ బూడిదరంగు పులి కొత్తగా గుండు కొట్టించుకున్న మనిషిలా దిగులుగా ఉంది. దాని ఎడమ పక్క అడవి లోపలి నుంచి వచ్చే బండిబాట రోడ్డెక్కుతుంది. కుడి పక్క సందర్శకుల బండ్లు ఆపుకునే జాగా. ఈ ఎడమా కుడీ మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి, కథంతా అక్కడే ఉంది. అక్కడ కాపలా ఉండే వాచర్ అన్నను, "అన్నా, నిజం పులి ముఖం ఎట్లుంటదే?" అని అడిగాను. ఆయన చుట్ట తీసి, "గిన్నేండ్ల సంది అడవిల తిరుగుతున్న, నాకైతే కానరాలే. నేను దానికి కానొచ్చిన్నో లేదో అదే చెప్పాలె" అన్నాడు. చేసేది లేక ఒక క్యాలెండర్ చింపుకొచ్చి, దానిలోని పులిని చూస్తూ మొదలుపెట్టాను.

ముఖం పూర్తయిన రోజు పొద్దున్నే బండిబాట మీదుగా జీపులో రేంజర్ సారు వచ్చాడు. అడవిని కాపాడే బాధ్యత ఆయనది. కలప దొంగలంటే కడుపు మంట. జీపు దిగకుండానే, "గిదేంది రా? గిది పులా, పెండ్లికొడుకా?" అన్నాడు. "ఏం తక్కువైంది సార్?" అన్నాను. "కోపం! తెల్లారకముందే సైకిళ్ళకు టేకు దుంగలు కట్టుకొని గీ బాటకెల్లే వస్తరు. దీన్ని జూస్తే సైకిల్ ఇడిసిపెట్టి ఉరకాలె." నేను నెమ్మదిగా, "సిమెంటు పులి గద సార్" అన్నాను. "సిమెంటని నువ్వు పోయి వాళ్ళకు చెప్తవా?" అన్నాడు. చెప్పనని ఒప్పుకున్నాను. సాయంత్రానికి కోరలు పెట్టి, కళ్ళకు ఎరుపు దించి, కనుబొమలు ముడివేశాను. (కోపం ఎట్లుంటుందో తెలియక రేంజర్ సారు ముఖాన్నే చూసి వేశాను. ఆయన గుర్తుపట్టలేదు.)

మర్నాడు మధ్యాహ్నం పార్కు మేడం వచ్చింది. జనాన్ని అడవి దగ్గరికి రప్పించి, చెట్టూ పిట్టా చూపించి, మంచి మనసుతో తిరిగి పంపడం ఆమె పని. ఆంధ్రా అంచున ఉండే మధిర వైపు మనిషి కాబట్టి మెత్తగానే మాట్లాడేది. పులిని చూసి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "బాబూ, ఇదేంటిది? ఆదివారం పిల్లలొస్తారు. ఈ కోరలు చూస్తే తల్లిదండ్రులు వాళ్ళని గేటు దగ్గర్నుంచే వెనక్కి ఎత్తుకుపోవాలి. కొంచెం నవ్వించు" అంది. "పులి నవ్వుతదా మేడం?" అన్నాను. "అడవిలోది సంగతి నాకు తెలియదు. మన పులి నవ్వుతుంది" అంది. నవ్వించాను. ఆ మర్నాడు రేంజర్ సారు వచ్చి పళ్ళు నూరాడు, కోరలు మళ్ళీ మొలిచాయి. తరువాత మేడం వచ్చింది, మళ్ళీ రాలిపోయాయి. ఇట్లా పూత మీద పూత పడి పులికి దవడలు వాచాయి. తమాషా ఏమిటంటే వాళ్ళిద్దరికీ తగాదా ఏమీ లేదు. ఒకే ఆఫీసులో ఒకే ఫ్లాస్కులోని చాయ్ తాగేవాళ్ళు. జనం అడవిలోకి రాకూడదన్నది ఒకరి ఉద్యోగం, రావాలన్నది మరొకరి ఉద్యోగం. ఇద్దరి మాటా సబబే. మధ్యలో నలిగింది నేనూ, పులీ.

ఇక లాభం లేదని అబ్బాకు ఫోను చేశాను. ప్రారంభోత్సవం దగ్గరపడింది, అవతల మామూ కత్తి నూరుకుంటున్నాడు. అంతా విని అబ్బా, "బస్టాండు కాడ అన్నదమ్ముల దుకాణం బోర్డు యాదికుందా? ఇద్దరికీ తన పేరే ముందుండాలె. నేనేం జేసిన? మూల మీద ఇల్లు గద, బోర్డును రెండు గల్లీలకూ మలిపిన. గీ గల్లీకెల్లి వస్తే అన్న పేరు ముందు, గా గల్లీకెల్లి వస్తే తమ్ముడి పేరు ముందు. ఇద్దరూ ఖుష్" అన్నాడు. "మరి మూల మీద నిలబడి చూస్తే అబ్బా?" అన్నాను. "మూల మీద ఎవడు నిలబడ్తడు రా, బస్సు గుద్దుతది!" అని ఫోను పెట్టేశాడు.

నాకు తోవ దొరికింది. పులి ఎడమ చెంపకు కోర, ఎర్రటి కన్ను, ముడిపడిన కనుబొమ. అది బండిబాట వైపు. కుడి చెంపకు పైకి లేచిన పెదవి, చల్లటి కన్ను, బుగ్గ మీద నవ్వు గీత. అది బండ్లు ఆపే వైపు. రెండు సగాలూ ముక్కు మీద కలిసేచోట ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారిపోయేట్టు సన్న బ్రష్షుతో రోజంతా పాటుపడ్డాను. పొద్దున అడవి నుంచి వచ్చిన రేంజర్ సారు ఎడమ చెంప చూసి, "గిట్ల ఉండాలె పులంటే!" అని నా వీపు చరిచాడు. మధ్యాహ్నం అటు పక్క బండి దిగిన మేడం కుడి చెంప చూసి, "ఎంత ముద్దుగా ఉందో!" అని నాకు అరటిపండు ఇచ్చింది. నేను మేఘాల్లో తేలాను. ఎదురుగా వచ్చి ఎవరూ చూడలేదు, ఎందుకంటే అక్కడ షామియానా వేస్తున్నారు. పులి ముఖానికి పట్టుగుడ్డ కూడా కప్పారు.

ప్రారంభోత్సవానికి జిల్లా నుంచి పెద్దసారు వచ్చాడు. అబ్బా తెల్ల లాల్చీ వేసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ ఆటో దిగాడు. వెనకే మామూ. (నా బట్టలు సర్దుకోవడానికి ఒక సంచీ కూడా తెచ్చాడని తరువాత తెలిసింది.) చప్పట్ల మధ్య పెద్దసారు తాడు లాగాడు, గుడ్డ జారింది. ఆయన నిలబడ్డది ఎక్కడనుకున్నారు? సరిగ్గా ఎదురుగా. చప్పట్లు సగంలో ఆగిపోయాయి. ఒక కన్ను మీద పడి కొట్టేట్టుంది, ఒక కన్ను చాయ్ తాగుదాం రమ్మంటోంది, మధ్యలో మూతి ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దంలో మామూ గుసగుస అందరికీ వినబడింది. "అరే, పులికి లఖ్వా కొట్టిందేంది?" (పక్షవాతాన్ని మా ఇళ్ళలో అట్లా అంటాం.)

నేను షామియానా గుంజ వెనక్కి జరిగాను. పెద్దసారు ఎడమ పక్కకు నడిచాడు, చూశాడు. కుడి పక్కకు నడిచాడు, చూశాడు. మళ్ళీ ఎదురుగా వచ్చి, "పెయింటర్ ఎవరయ్యా?" అన్నాడు. ముందుకు వెళ్ళాను. "ఎందుకిట్ల వేసినవ్?" అంటే అబద్ధం చెప్పే తెలివి కూడా ఆ క్షణాన రాలేదు. "ఎడమ పక్క దొంగలకు సార్. కుడి పక్క పిల్లలకు" అన్నాను. "మరి ఎదురుంగ వచ్చినోళ్ళకు?" "ఎదురుంగ ఎవరూ రారనుకున్న సార్." "నేనొచ్చిన గద!" అన్నాడు. రేంజర్ సారు మేడం వైపు చూశాడు, మేడం రేంజర్ సారు వైపు చూసింది, ఇద్దరూ కలిసి నేల చూశారు. అప్పుడు పెద్దసారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "పొద్దుగాల అడవిల అడుగు పెట్టిండ్రని కేసు రాస్త. పొద్దుమూకి అడవికి రండ్రి రండ్రి అని కరపత్రాలు పంచుత. ఇంటికి పోయేసరికి నా ముఖం అచ్చం గిట్లనే ఉంటదని మా ఇంటామె అంటది. ముట్టుకోకుండ్రి దీన్ని!" అన్నాడు. అదే ఊపులో గేటు మీద ఊగుతున్న స్వాగతం ఫ్లెక్సీ ఆయన కంట్లో పడింది. అందులో అడవిలో ప్లాస్టిక్ వాడరాదని రాసి ఉంది. "ప్లాస్టిక్ వద్దని ప్లాస్టిక్ మీద రాసిండ్రా? తియ్యుండ్రి! ఇగ లోపల బోర్డులన్నీ రంగులతోనే. గీ పిలగానితోనే రాయించుండ్రి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు, నేను మాత్రం అబ్బానే చూస్తున్నాను. ఆయన నవ్వలేదు. మెల్లగా గద్దె ఎక్కి, పులి ముక్కు దగ్గర వంగి, బొటనవేలితో పై నుంచి కిందికి తడిమాడు. కోపం ఆగి నవ్వు మొదలయ్యే ఆ జాగాలో వేలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. తరువాత మామూతో, "అతుకు కానొస్తలేదు. వీడు పెయింటరే. నీ దుకాణానికి రాడు, నువ్వు ఇంకో మనిషిని చూసుకో" అన్నాడు. నాకు పట్టరాని సంతోషంతో కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. రంగులో కలిపే టర్పెంటైన్ ఘాటని మామూకు చెప్పాను. ఆ రోజు నా దగ్గర టర్పెంటైన్ చుక్క కూడా లేదు.

అట్లా ఊళ్ళో కరువైన పని నాకు అడవిలో దొరికింది. నిప్పు పెట్టరాదు, కోతులకు తిండి వేయరాదు, ఇటు నడవండి, అటు వద్దు. ఆ బోర్డులన్నీ ఇప్పటికీ నేనే రాస్తాను. అంతరించిపోయే జాతుల పేర్ల బోర్డు రాసేటప్పుడు చివర నా పేరు కూడా చేర్చమని వాచర్ అన్న ప్రతిసారీ ఎగతాళి చేస్తాడు. ఎండకు వెలిసే రంగు కాబట్టి ఏటా వానలు తగ్గాక పులికి కొత్త పూత వేస్తాను. రేంజర్లు, మేడంలు ఎందరో మారారు, పులికి మాత్రం రెండు చెంపలూ అట్లాగే ఉన్నాయి. కుర్రతనంలో నవ్వు చెంప చిటికెలో వచ్చేసేది, కోపానికే తంటాలు పడేవాణ్ణి. ఇప్పుడు కోపం దానంతటదే వచ్చేస్తుంది, నవ్వు దగ్గరే పొద్దుపోతుంది. మొన్నటి పూతప్పుడు వాచర్ అన్న కింద నిలబడి, "తమ్మీ, గా నవ్వు జర తగ్గింది" అన్నాడు. నిచ్చెన దిగి చూస్తే నిజమే. మళ్ళీ ఎక్కి, బుగ్గ దగ్గర గీతను కొంచెం కొంచెంగా పైకి లాగాను. ఎప్పుడు తీశాడో, ఆయన తన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అందులో పులి సగమే నవ్వుతోంది. దాని పక్కన నిచ్చెన మీద, నెరిసిన గడ్డంతో ఒక మనిషి, బ్రష్షు పట్టుకుని ముఖమంతా నవ్వుతున్నాడు.