హనుమయ్య గారి పచ్చ

హనుమయ్య గారి రంగుల పట్టికను మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ముందే చెబుతున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పుడు ఇరవై రెండేళ్లు కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉండేది.

అది 2004. నోయిడాలో ఒక డిజైన్ ఆఫీసు. మసాలా పొట్లాలు, అగరుబత్తి డబ్బాలు, చీరల పెట్టెలు, వీటికి బొమ్మలు తయారుచేసి ప్రెస్సుకు పంపడం మా పని. నేను కొత్తగా చేరాను, ఆరు నెలల ప్రొబేషన్ మీద. అందరం కంప్యూటర్లో బొమ్మలు గీసే కోరల్‌లో పనిచేసేవాళ్లం. తెరకు కుడిపక్క నిలువుగా రంగుల గళ్లు ఉండేవి. ఉన్న రంగులు చాలకపోతే మనమే ఒకటి కలుపుకుని, దానికి పేరు పెట్టి, సొంత ప్యాలెట్‌లో దాచుకోవచ్చు. మా ఆఫీసు మొత్తానికీ ప్యాలెట్, అంటే ఆ రంగుల పట్టిక, ఒక్కటే. దాన్ని కట్టింది హనుమయ్య గారు. మొత్తం మూడు వందల పన్నెండు రంగులు. ఏ గడి మీద మౌస్ పెట్టినా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పేరు కనిపించేది: ఉల్లిపొర, లేతవంకాయ, కనకాంబరం, తాటిముంజె, తడి ఇటుక.

పంజాబీ పిల్లా, గఢ్వాలీ పిల్లాడూ కూడా నోరు తిరక్కపోయినా అవే వాడేవాళ్లు. "అరే, ఇధర్ వంకాయ లగా దే" అనేవాళ్లు. తెలుగుదాన్నయిన నాకే వాటిలో సగం తెలియవు. ఢిల్లీ సరోజినీనగర్ సర్కారు క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లకు తాటిముంజె ఏం తెలుస్తుంది? నా మంటకు అసలు కారణం అదీ.

"నంబర్లు పెట్టుకోవచ్చు కదా అంకుల్? ఈ పేర్లేంటి?" అన్నాను.

"నంబరు చూస్తే కళ్లముందు ఏం కనపడుద్ది అమ్మాయ్? ఉల్లిపొర అన్నామనుకో, ఇట్టే కనపడదా?"

"నాకు కనపడదు. మేం ప్యాజ్ అంటాం."

"ఓరి నాయనో! తెలుగు పుటక పుట్టి ఇదేం మాటమ్మా!" అని పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాడు టిఫిన్ డబ్బాతోపాటు ఒక ఉల్లిపాయ తెచ్చి, పైపొర ఒలిచి, కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూపించారు. నిజమే, అది ఏ నంబరుకూ లొంగే రంగు కాదు.

చీరాల పక్క మనిషి ఆయన. వాళ్ల నాన్న నేతవాళ్లకు నూలుకు రంగులు వేసేవాడట. ఈయన పాతికేళ్లు రాకముందే ఢిల్లీ వచ్చి, నారాయణాలో ఒక ప్రెస్సులో సిరా కలిపే పనిలో చేరారు. గాజు పలక మీద కత్తితో సిరా నూరి, వేలితో కాగితానికి అద్ది చూసుకుంటూ ఇరవై రెండేళ్లు గడిపారు. ప్రెస్సు మూతపడ్డాక, మనవళ్లను ఎత్తుకునే వయసులో మౌస్ పట్టుకున్నారు. మా యజమాని భాటియా సాబ్ ఆయన్ని ఆ కళ్ల కోసమే పెట్టుకున్నాడు. "హనుమయ్యజీ కీ ఆంఖే హమారీ మెషీన్ హై" అని వచ్చిన ప్రతి పార్టీతోనూ గొప్పగా చెప్పుకునేవాడు.

రంగు కలపడం నాకు ఆయనే నేర్పారు. పార్టీ పంపిన గుడ్డముక్కను కిటికీ దగ్గర కాసేపు చూసి, "మెజెంటా పద్దెనిమిది, పసుపు పన్నెండు, నలుపు రెండు" అనేవారు. ఆ అంకెలు కొట్టి ప్రింటు తీసి గుడ్డ పక్కన పెట్టేవాళ్లం. "ఒక్క పాయింటు తగ్గించు" అనేవారు. మళ్లీ ప్రింటు. కుదిరాక పేరు పెట్టేవారు. శుక్రవారం మధ్యాహ్నం ప్యాలెట్ సర్దుడు. రెండుసార్లు చేరిన రంగు తీసేయడం, లేత నుంచి ముదురుకు వరస పెట్టడం, ఫ్లాపీలోకి ఒక కాపీ ఎక్కించడం. చలికాలం ఎండ టేబుల్ మీద పడుతుండేది, ఇద్దరం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ రంగులు సర్దేవాళ్లం. ఈ రోజుల్లో ఫోటో మీద వేలు పెడితే ఫోనే రంగు చెప్పేస్తోంది. చెప్పనీండి, నాకు ఆ శుక్రవారాలే కావాలి. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ ప్యాలెట్ చలవే.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన వేరుశనక్కాయలు ముట్టుకోలేదు. అందరి మధ్యే కూర్చుని, ఎవరికీ అర్థం కాదనే ధైర్యంతో, మామూలు గొంతుతో తెలుగులో చెప్పారు.

"కంట్లో శుక్లం మొదలైందంటమ్మా. రంగులు మారి కనపడొచ్చన్నాడు డాక్టరు. భాటియాకు తెలిసిందా, ఇంటికి పొమ్మంటాడు. అనటంలో తప్పేముంది? రంగు తెలవని వాడు ఇక్కడెందుకు? నీకొక్కదానికే చెబుతున్నా."

"నేను చచ్చినా చెప్పను అంకుల్" అన్నాను. చెప్పలేదు కూడా. అంతకన్నా పెద్ద ఘనకార్యమే చేశాను.

తర్వాతి వారం ఆయన కంటి పరీక్షలకని రెండు రోజులు సెలవు పెట్టారు. శుక్రవారం వచ్చింది, ప్యాలెట్ నేనే సర్దుతున్నాను. పసుపు వరసలో నిమ్మ ఉంది, బంతిపువ్వు ఉంది, వాటి మధ్య నిగనిగలాడే పసుపు గడి మీద మౌస్ పెడితే 'పచ్చ' అని వచ్చింది. మా ఇంట్లో పచ్చ అంటే హరా, ఆకు రంగు. పచ్చగడ్డి, పచ్చతోరణం, అంతే. పసుపును పసుపు అనే అనేవాళ్లం. ఆకుపచ్చల వరస చూశాను. చిలక, మామిడాకు, తమలపాకు ఉన్నాయి కానీ 'పచ్చ' అని లేదు. పాపం, ఈయనకు పసుపేదో ఆకుపచ్చేదో తెలియనంత దూరం వచ్చిందన్నమాట, భాటియా కంట పడితే ఇంకేమైనా ఉందా అనుకున్నాను. ఆ గడిని తెరిచి, సయాన్, అంటే నీలం, నలభై కలిపి, ఆకుపచ్చ చేసి, ఆకుల వరసలోకి జరిపి సేవ్ కొట్టాను. ఆయన పరువు కాపాడానని పొంగిపోయాను. ఫ్లాపీలో ఉన్న పాత కాపీ మీద కూడా ఇదే ఎక్కించాను.

సోమవారం ఆయనకు పసుపు పొట్లం పని వచ్చింది. ఒక మసాలా కంపెనీది. పక్క సీట్లో నేను నా అగరుబత్తులతో కుస్తీ పడుతున్నాను. ఆయన రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకోవడం, లేచి వెళ్లి మొహం కడుక్కు రావడం చూశాను. చాలాసేపు తెరకేసి చూసి, ఫైలు పంపేశారు. నేను తల తిప్పి ఆయన తెర చూసి ఉంటే ఈ కథే లేదు.

మంగళవారం మధ్యాహ్నం కంపెనీ మనిషి ప్రూఫు, అదే అచ్చు నమూనా, పట్టుకొచ్చి టేబుల్ మీద కొట్టాడు. "యే హల్దీ హై యా మెహందీ?" పసుపు పొట్లం కాస్తా గోరింటాకు రంగులో అచ్చయింది.

భాటియా మొహం ఎర్రబడింది. "హనుమయ్యజీ, యే క్యా హై?"

హనుమయ్య గారు లేచి నిలబడ్డారు. "గల్తీ మేరీ హై సాబ్. ఆంఖే ఖరాబ్ హో గయీ" అన్నారు. తప్పు తనదేనని, కళ్లు పాడైపోయాయని, అందరి ముందూ, గట్టిగా. భాటియా తల దించుకుని, "ఘర్ జాయియే. బాద్ మే బాత్ కరేంగే" అన్నాడు. ఇంటికెళ్లండి, తర్వాత మాట్లాడదాం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఆయన భూతద్దం సంచిలో వేసుకుంటుంటే నేను అడ్డం వెళ్లాను. "హల్దీ పొట్లానికి పచ్చ ఎందుకు వేశారు అంకుల్?"

"పసుపు పొట్లానికి పచ్చ కాకపోతే ఇంకేం వేస్తారమ్మా?"

"పచ్చ అంటే గ్రీన్ కదా!"

"అది ఆకుపచ్చ. ఉత్త పచ్చ అంటే మాకు పసుపుపచ్చే. పచ్చకామెర్లు వినలా? పచ్చటి బంగారం అనరా? పోన్లే, ఇప్పుడదంతా ఎందుకు" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ప్రొబేషన్ ఇంకా మూడు వారాలుంది. ఆయన ఎలాగూ తప్పు ఒప్పుకున్నారు, నన్నెవరూ అడగరు. పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. తర్వాత లేచి, భాటియా గదిలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను.

"ఏక్ శబ్ద్, దో రంగ్? కైసీ భాషా హై తుమ్హారీ!" అని, ఒకే మాటకు రెండు రంగులేమిటని అరిచాడు. నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించాడు. "జావ్, ఉన్హే వాపస్ లావ్" అన్నాడు.

పరిగెత్తాను. ఆయన ఇంకా బస్‌స్టాపులోనే ఉన్నారు.

"నేనే మార్చాను అంకుల్. మీ పచ్చను నేనే మార్చాను."

"ఏం మార్చావ్?"

"పేరు తప్పు పడిందనుకుని సయాన్ కలిపాను. నలభై."

ఆయన నా మొహంలోకి చూశారు. "నలభయ్యా?"

"నలభై."

"అయితే నిన్న తెర మీద నాకు చిలకాకుపచ్చ కనపడిందే..."

"చిలకాకుపచ్చే అంకుల్! అక్కడ ఉన్నది అదే. మీకు సరిగ్గానే కనపడింది."

తిడతారనుకున్నాను. తిట్టినా, చెంప పగలగొట్టినా పడాలనే వచ్చాను. ఆయన బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశారు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

"కనపడేది పచ్చ కాదు. వరస మారిందంటే నువ్వు సర్దావులే అనుకున్నా. నేను కట్టిన ప్యాలెట్టేమో పచ్చ అంటంది. ప్యాలెట్ తప్పెట్టా అవుద్ది, నా కళ్లే పోయినయ్యనుకున్నా" అన్నారు చాలాసేపటికి.

"సాబ్ మిమ్మల్ని రమ్మంటున్నారు. పదండి అంకుల్."

ఆయన కదల్లేదు. బస్సు వస్తోంది. సంచి భుజానికి తగిలించుకున్నారు.

"రేపొస్తానని చెప్పు. మా లీలావతి రోజూ మొహానికి పసుపు రాసుకుంటది. నిన్నటి నుంచీ దాని మొహం చూళ్లేదమ్మాయ్, ఏ రంగులో కనపడుద్దోనని. ముందు ఇంటికి పోయి నా పెళ్లాన్ని చూసుకోవాల" అని బస్సెక్కేశారు.