లాగిన్ కావట్లేదని కాపలా తీసేయనివ్వని మా శ్రీలత

నిన్న పొద్దున శ్రీలత చెల్లెలు ఫోన్ చేసింది. "మేడమ్, మా అక్క లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఎక్కడికి పోయిందని అడిగాను.

బ్రెయిన్ స్ట్రోక్. డ్యూటీకి తయారవుతూ ఇంట్లోనే పడిపోయిందట. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

నలభై కూడా నిండలేదు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇవాళ లక్సెట్టిపేటలో ఆమెను సాగనంపి వచ్చాక కూడా అదే ఉంది. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నేను కరీంనగర్‌లో ఒక మహిళల షెల్టర్‌లో కౌన్సెలర్‌ని. ఇంట్లో దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు మా దగ్గరుంటారు. అక్కడి కంప్యూటర్లన్నీ శ్రీలతే చూసుకునేది.

మావి లినక్స్ సిస్టమ్స్. వాటిలో ఎస్‌ఈలినక్స్ అని ఒక కాపలా ఉంటుంది. నీ పాస్‌వర్డ్ కరెక్టే అయినా, నువ్వు ఏ ఫైల్ ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో అది తేలుస్తుంది. ఒక్కో కౌన్సెలర్‌కి తను చూసే ఆడవాళ్ల ఫైళ్లు మాత్రమే తెరుచుకోవాలి. మేనేజర్‌కి కూడా తెరుచుకోకూడదు. ట్రస్టీలు ఒప్పుకున్న రూల్ అది. మేనేజర్ కూడా అప్పుడు తలూపాడు.

ఒకరోజు ఆఫీసులో ఎవరికీ లాగిన్ కాలేదు. పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ క్షణంపాటు నల్లబడి, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. తప్పని చెప్పదు, లోపలికీ పోనివ్వదు.

మేనేజర్ తనకు తెలిసినవాళ్లెవరికో ఫోన్ చేసి వచ్చాడు. "ఎస్‌ఈలినక్స్ బంద్ చేస్తే అయిపోతదట. చెయ్యమ్మా, పని ఆగింది" అన్నాడు.

శ్రీలత తల కూడా ఎత్తలేదు.

"తలుపు పట్టేసిందని దర్వాజనే పీకుతమా సార్? జర ఆగున్రి."

ఒక్క సిస్టమ్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీసి, దాంట్లో మాత్రం కాపలా మోడ్ మార్చింది. బంద్ చేసినట్టేనా అని అడిగాను.

"కాదక్కా. అడ్డుకోకు, కానీ ఎవల్ని అడ్డుకునేదానివో రాసిపెట్టు అని చెప్పిన" అంది.

ఈసారి లాగిన్ అయింది. అంటే ఆపుతున్నది కాపలానే. ఎందుకు ఆపుతోందో లాగ్‌లో చదివింది. ముందురోజు ప్రతి సిస్టమ్‌లోనూ మా ఫోల్డర్లను కొత్త డిస్క్‌లోకి మార్చారు. ప్రతి ఫైల్ మీదా అది ఎలాంటిదో చెప్పే లేబుల్ ఒకటుంటుంది. ఫైళ్లు వచ్చాయి కానీ లేబుళ్లు రాలేదు. లాగిన్ అవగానే మన డెస్క్‌టాప్ మన ఫోల్డర్‌లోనే ఏదో రాసుకోవాలి. లేబుల్ సరిగా లేదు కాబట్టి కాపలా రాయనివ్వడం లేదు. అందుకే గుమ్మం దాకా రానిచ్చి వెనక్కి పంపేస్తోంది.

ఇకనుంచి మా ఫోల్డర్లు ఉండే చోటు ఇదీ అని సిస్టమ్‌కి చెప్పింది. లేబుళ్లన్నీ మళ్లీ వేయించింది. కాపలాను ఎప్పటిలాగే పెట్టేసి, మా ప్రతి ఒక్కరితో తన ముందే లాగిన్ చేయించింది. తర్వాత నా డబ్బాలోని బియ్యప్పిండి సర్వప్ప సగం తినేసి, ఉప్పు తక్కువైందని నన్నే తిట్టింది.

అలాంటి మనిషి.

కొన్నాళ్లకు ఒకడు తన భార్య ఎక్కడుందో చెప్పమంటూ వచ్చాడు. వెంట లోకల్ లీడర్. ఆమె మరమగ్గాల మీద పనిచేసే ఇంటి పిల్ల. వాడి దెబ్బలకు చెయ్యి విరిగి మా దగ్గరికి వస్తే వేరే ఊళ్లో దాచాం. ఆ ఊరి పేరు ఫైల్‌లో ఉంది.

మేనేజర్ వాళ్లకు టీ తెప్పించాడు. తర్వాత తన సిస్టమ్‌లో ఆ ఫైల్ మీద నొక్కాడు.

అనుమతి లేదని వచ్చింది.

ఆ రోజు కాపలాను బంద్ చేసి ఉంటే, ఆ ఒక్క నొక్కుతో అడ్రస్ వాడి చేతిలో ఉండేది. ఆ ఆలోచనకే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మేనేజర్ శ్రీలతను పిలిచి తెరవమన్నాడు.

"తెరవ సార్" అంది.

"నౌకరి ఉండాల్నా వద్దా నీకు?" అన్నాడు లీడర్.

"గిది పోతే ఇంకోటి దొర్కుతది. ఆమె పానం పోతే మీరు తెస్తరా?"

అప్పటికి మేమంతా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాం. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

తర్వాత శ్రీలత కాంట్రాక్ట్ పొడిగించలేదు. సర్దుకుపోయే గుణం లేదని చెప్పారు. మేం ట్రస్టీల దగ్గరికి వెళ్లాం. చూద్దాం అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆమె మంచిర్యాలలో ఇంకో ఉద్యోగం వెతుక్కుంది. మా దగ్గర లాగిన్ ఆగితే, జీతం లేకపోయినా, ఇప్పుడున్నతనికి ఫోన్‌లో దారి చెప్పేది. చివర్లో ప్రతిసారీ ఒకటే మాట. "బంద్ మాత్రం చెయ్యకు తమ్మీ."

నిన్న ఆఫీస్ గ్రూప్‌లో మేనేజర్ ఆమె ఫోటో పెట్టాడు. కింద రాసింది చదివాను. "సౌమ్యురాలు. అందరితో సర్దుకుపోయే మనిషి. సంస్థకు తీరని లోటు."

ఇవాళ దండ పట్టుకుని వచ్చాడు కూడా. అక్కడే అడిగాను. "ఎందుకు తీసేసిన్రో అది గూడ రాయున్రి సార్" అన్నాను.

"గిప్పుడు గా ముచ్చటెందుకమ్మా" అన్నాడు.

శ్రీలత బాపు పక్కనే కూర్చుని ఉన్నాడు. లేవలేదు. గొంతు పెంచలేదు.

"నా బిడ్డ సర్దుకపొయ్యేది కాదు సార్. గట్ల పెంచింది నేనే. గా దండ మీరే తీస్కపోన్రి."

తీసుకుపోయాడు.

మేం దాచిన ఆ పిల్ల ఇప్పుడు క్షేమంగా ఉంది. పని చేసుకుంటోంది. శ్రీలతను ఒక్కసారి కూడా చూడలేదు. పొద్దున శ్రీలత పోయిందని ఫోన్‌లో నేనే చెప్పాను. పేరు మళ్లీ ఒకసారి చెప్పమంది.

పోయిరా శ్రీలతా. నీకు శాంతి దొరకాలి.

మాకు మాత్రం ఇప్పుడే వద్దు.