గోడంత నోరు

పెళ్ళయ్యేదాకా నరసాపురం దగ్గర మా ఊళ్ళో లేసు అల్లాను. ఒక చెయ్యి సూదికి, ఇంకో చెయ్యి అల్లికకు పోతే దారం పట్టుకోవడానికి మిగిలేది నోరే. అలా పట్టీ పట్టీ నా ముందు పన్నులో సన్నటి గాడి పడింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. అది చూసి సిగ్గరినని మెచ్చుకున్నారు చాలామంది. పంటి లోపం అలా అణకువగా చెలామణి అయిపోయింది.

అడ్డం లేకుండా నవ్వింది ఒక్కరి దగ్గరే. రాజమండ్రిలో ఎమ్మే చదివేటప్పుడు నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలి దగ్గర. తొంభైల చివర్లో తను ఆదిమానవుల పళ్ళ మీద పరిశోధనలో పడింది. నేను జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతూ, పిల్లల నిద్రకు భంగం కలగకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఒక ఆదివారం పాత రాతిసమాధిలో దొరికిన దవడ ఫోటోలు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"చూడవే, పళ్ళన్నీ బల్లపరుపుగా అరిగిపోయాయి. రాతి మీద నూరిన తిండిలో రాతిపొడి కలుస్తుందిగా, దాంతో. కానీ ఈ ముందు పంటి గాడి తిండి వల్ల రాదు. నారో, నరమో పళ్ళతో పట్టి ఉంటారు."

నేను నవ్వాను.

"ఏంటే?"

"ఈవిడెవరో మా పక్కన కూర్చుని లేసు అల్లినట్టుంది."

ఇన్నేళ్ళూ చూసిన నా పన్నునే కొత్తగా చూసి తను కుర్చీలోంచి లేచింది. నా పంటికి ఫోటో తీసుకుంది. "సెమినార్లో ఇద్దరి పేర్లతో పేపర్ చదువుదామే," అంది. పళ్ళికిలించడం కూడా పాండిత్యం కిందకొస్తుందని ఆ రోజే తెలిసింది. మా ఇంట్లో, కాలేజీలో, చివరికి పాలమ్మాయితో కూడా చెప్పుకున్నాను, నా పేరుతో పేపర్ వస్తోందని.

సెమినార్ రాజమండ్రిలో. కొత్త చీర కట్టుకుని మూడో వరుసలో కూర్చున్నాను. వేదిక మీద ఒక్క పేరే చదివారు. నాది చివర్లో చెబుతారేమో అనుకున్నాను. ఇంతలో దీపాలార్పి స్లయిడ్ వేశారు. గోడంత ఎత్తున నా నోరు.

"ఇవి చదువురాని ఒక లేసు కార్మికురాలి పళ్ళు," అంది నా స్నేహితురాలు.

పక్క సీటాయన నావైపు వంగాడు. "తోముకోదు కాబోలండి."

"అయ్యుండొచ్చండి," అన్నాను, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ప్రశ్నలప్పుడు ఒక పెద్ద ప్రొఫెసర్ గారు లేచారు. "ఏమ్మా, ఆ గాడి దారం కొరికితే వచ్చిందా, పళ్ళతో పట్టి లాగితే వచ్చిందా? రెండూ ఒకటి కాదు కదా. ఆవిడనే అడక్కపోయారా?"

కొరికితే అంచు పెచ్చులూడుతుంది. గాడి పడేది దారం కొస పళ్ళ మధ్య పెట్టి ముడి బిగించేటప్పుడు. ఆ సంగతి తను నన్ను ఎప్పుడూ అడగలేదు, ఫోటో చాలంది. ఇప్పుడు మూడో వరుస వైపు చూసింది. నా పేరు పిలుస్తుందనుకుని చీర సర్దుకుని సగం లేచాను కూడా.

"అడిగానండి," అంది. "పనివాళ్ళు అంత వివరంగా చెప్పలేరండి."

లేచిన సగాన్ని మెల్లగా కిందికి దించుకున్నాను.

భోజనాల దగ్గర తనే వచ్చింది. "పేరు చెబితే నీకే నామోషీ అనుకున్నానే. అంతమందిలో నీ పళ్ళ గురించి... ఏమీ అనుకోకు. ఇంతకీ కొరికినందుకా, లాగినందుకా? అచ్చుకిచ్చేలోపు సరిచేసుకుంటాను."

"చదువురానిదాన్ని, నాకేం తెలుస్తుందే?"

పకపకా నవ్వింది. నేనేమన్నా హాస్యానికే అనుకోవడం తనకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. చెయ్యి కడుక్కుని బస్టాండుకు నడిచాను.

పేపర్ ఆ మరుసటేడు అచ్చయింది. దారం కొరకడం వల్లే గాడి పడిందని రాసింది. అది తప్పు. నేను ఫోన్ చేసి చెప్పలేదు, తనూ మళ్ళీ అడగలేదు.