మామిడిచెట్టు కింద తెల్ల పంచె

ఇప్పుడు నన్నెవరూ అనుమానించడం లేదు. వయసు పైబడిందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఆ రోజుల్లో అలా కాదు, నన్ను చూసిన ప్రతివాడికీ ఏదో ఒక అనుమానం వచ్చేది. చదువైన కొత్తలో డెంకణికోట అవతలి కొండల్లో నా ఉద్యోగం. చెట్టు కింద తెల్లగుడ్డ పరిచి, కొమ్మను కర్రతో కొట్టి, రాలిన గొంగళి పురుగులను లెక్కపెట్టాలి. (దీనికి ఎమ్మెస్సీ ఉండాలన్నారు. కర్ర వాళ్ళే ఇచ్చారు.) కొండ అడుగున పురుగులు కుప్పలు, ఎక్కేకొద్దీ తక్కువ, శిఖరాన సున్నా. ఆ సున్నాలు చూసి మా సారు, "నిజంగా పైకెక్కినావా, కిందే టీ తాగుతా కూర్చున్నావా?" అన్నారు.

అప్పుడే కావేరిపట్టణం దగ్గర మామిడితోట ఉన్నవాళ్ళ సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, నాకు ఏ అనుమానమూ లేదు. ఉన్న అనుమానమంతా వాళ్ళ నాయనది.

"ఏం పనప్పా నీది?"

"కొండలో పురుగులు యాడ ఎక్కువ, యాడ తక్కువ అని చూసేది, మామా."

"చూసి సంపుతావా?"

"లేదు, రాసుకుంటాను."

ఆయన కాసేపు తోట వైపు, కాసేపు నా సంచి వైపు చూశారు. "అడవి పురుగు నీ సంచిలో కూర్చోని నా తోటకొస్తే?" మా పురుగులు మామిడాకు ముట్టవన్నాను. "నీతో చెప్పినాయా?" అన్నారు. పని ఎలా చేస్తానో మాత్రం వివరంగా అడిగి తెలుసుకున్నారు. నేను సంతోషించాను.

తాంబూలాల రోజు ఆ సంతోషం ఖరీదు తెలిసింది. వాళ్ళ గేటు పక్క మామిడిచెట్టు కింద తెల్ల పంచె పరిచి ఉంది. "దాని మీద నిలబడప్పా. చొక్కా, సంచీ దులుపు. పురుగు పడిందా, తాంబూలం లేదు" అన్నారు మామ. రెండు కుటుంబాల ముందూ దులిపాను. మా పెదనాయన నా చెవిలో, "కర్రతో కొడతాడేమో, గట్టిగా నిలబడరా" అని ధైర్యం చెప్పాడు. అంతలో పంచె మీద టప్పుమని ఒక పురుగు పడింది.

"ఇది నాది కాదు" అన్నాను. ముద్దాయి మాటకుండే విలువే దానికీ దొరికింది. మామ పంచె మడవబోతుంటే పిల్ల వరండా దిగి వచ్చింది. నా వైపు చూడలేదు, చెట్టు వైపు చూసింది. "నాయనా, పైకి చూడు." పైన ఆకులు ముద్దలు ముద్దలుగా అల్లుకుని ఎండిపోయి ఉన్నాయి. "ఇది మన గూడు పురుగే. ఆయప్పను చెట్టు కిందనే నిలబెడితివి, పడకుండా ఏం చేస్తుంది?"

మామ పైకి చూసి, తర్వాత నన్ను చూశారు. "పోయిన తూరి నువ్వొచ్చేదానికి ముందు ఇవి లేవే?"

"పోయినేడు మందెందుకు కొడితివి మరి?" అంది పిల్ల.

తాంబూలాలు ఇంట్లోపల, చెట్టుకు బాగా దూరంగా మార్చుకున్నాం. అయినా ఆయన ఉన్నన్నాళ్ళూ, గేటు దగ్గర సంచి దులిపితేనే అల్లుడి కాళ్ళకు నీళ్ళు.

ఇప్పుడు ఆయన లేరు, ఆ ఇంట్లో మేమే ఉంటున్నాం, దులపమనేవారు లేరు. అయినా నేను గేటు దగ్గర ఆగి సంచి దులుపుతాను. "ఇంకా ఎవురికి చూపించేదానికి?" అంటుంది వరండాలోంచి మా ఆవిడ. నేను తలెత్తి చెట్టు చూస్తాను. కింది కొమ్మల్లో గూళ్ళు బాగానే ఉంటాయి. పై కొమ్మలకు మనసులోనే సున్నా వేసుకుని లోపలికి పోయి టీ తాగుతాను. (ఎక్కను. సారు అనుమానం ఇన్నాళ్ళకు నిజమైంది.)