ఫ్లాస్కు సారు

మిర్చి కొనే పెద్ద కంపెనీ తరఫున సరుకు నాణ్యత చూడటానికి వచ్చే ఆయన్ని మేం ఫ్లాస్కు సారు అనేవాళ్లం. రైతు ఇంట మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. "కంపెనీ రూలండీ" అంటూ తన ఫ్లాస్కు చూపించేవాడు.

పోయిన ఎండాకాలం మా కల్లంలో కాయ విరిచి చూస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. మా ఆవిడ పరుగున మజ్జిగ తెచ్చి తాగించింది. తేరుకోగానే ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"రైతు ఇంట మజ్జిగ తాగానండీ. ఈ సరుకు నేను చూడకూడదు. వేరేవాళ్లని పంపండి."

గుక్కెడు మజ్జిగ లంచమా?

మర్నాడు కొత్తాయన కారు దిగుతూనే, "అమ్మా, కాస్త మజ్జిగ ఇస్తారా?" అన్నాడు.

దాహమన్నవాళ్లకి ఏనాడూ లేదనని మా ఆవిడ, నిండు కుండ మీద మూత పెట్టి, "లేదండీ" అంది.